ఆస్ట్రేలియా జ్వరం

ఎవరినీ సాధించటానికి రాయటం లేదని మొదటి వాక్యంలోనే చెప్పమంది మా అమ్మ. అబద్ధంతో మొదలుపెట్టటం నాకు ఇష్టం లేదు. మా ఇంట్లో ఒక్క అబద్ధం చేసిన పని చాలు. కొందరిని సాధించటానికే రాస్తున్నాను. పిల్లల్ని దూరదేశాలకు పంపినవాళ్ళకు, ఆ పిల్లలు జ్వరంతో తిరిగొస్తే ఏం చెప్పాలో తెలియనివాళ్ళకు పనికొస్తుందని కూడా రాస్తున్నాను. ఇప్పుడు ఒళ్ళు కుదుటపడింది. చేతుల వణుకు తగ్గింది. జుట్టు మాత్రం ఇంకా దువ్వెనకు గుత్తులుగా వస్తూనే ఉంది.

నేను వ్యవసాయశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. నరసరావుపేటలో నాన్నకూ సీను బాబాయికీ కలిపి ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. చదువులో భాగంగా ఒక ఏడాది ఆఫ్రికాలో మలావీ అనే చిన్న దేశానికి వెళ్ళే అవకాశం వచ్చింది. కొన్నాళ్ళు యూనివర్సిటీలో క్లాసులు, కొన్నాళ్ళు పల్లెల్లో జీతం లేని సేవ. అక్కడ మిరప పండించే ఆడవాళ్ళకు కాయను నేల మీద పోయకుండా, ఎత్తు బల్లల మీద పరిచి, బూజు పట్టకుండా ఎండబెట్టటం చూపించాలి. ఈ సంగతి ఇంట్లో చెప్పిన రోజు సీను బాబాయి అన్నాడు:

"మిరగాయలు ఎండబెట్టటానికి ఆఫ్రికా దాకా ఎందుకే? కళ్ళంలో కూలోళ్ళు దొరక్క ఇక్కడ రైతులు చస్తన్నారు. రొంపిచెర్ల పో, రెండు పూటలా అన్నం కూడా పెడతారు."

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. బాబాయి మాట కంటే నాన్న నవ్వే నాకు ఎక్కువ గుర్తు.

అక్కడి జీవితం గురించి వేరే రాయాలి. ఇక్కడికి కావలసింది ఒక్కటే చెబుతాను. పల్లెలో మాకిచ్చిన గదిలో నా దోమతెరకు చిల్లు ఉంది. మా బాధ్యత చూసే కోఆర్డినేటర్‌కు చెప్పాను. నవ్వి, వచ్చేవారం అన్నాడు. మళ్ళీ చెప్పాను. "మీ దేశంలో దోమలు లేవా?" అన్నాడు. ఆ ప్రశ్నకు నేను రాసిన జవాబు ఈమెయిల్‌లో ఇప్పటికీ ఉంది, అతని దగ్గర నుంచి మాత్రం జవాబు లేదు. చివరికి నా గదిలో ఉండే ఎస్తేర్, అదే యూనివర్సిటీ విద్యార్థిని, సూదీ దారం తెచ్చి కుట్టింది. పల్లె ఆడవాళ్ళకూ నాకూ మధ్య మాటలు అటూ ఇటూ చెప్పేది కూడా ఎస్తేరే. కుడుతూ ఒక మాట అంది: "ఇక్కడ జ్వరం వస్తే ముందు మలేరియా అనుకుంటాం. కాదని తేలాకే మిగతావి." అక్కడ అది మూడేళ్ళ పిల్లకు కూడా తెలిసిన విషయం.

ఫిబ్రవరి మొదట్లో

సెలవుల్లో ఇంటికి వచ్చాను. పెట్టె ఇంకా ఆటోలోనే ఉంది, ఎదురింటి రమణమ్మత్త గేటు దగ్గరికి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమే పద్దూ, ఇట్టా చిక్కిపోయావేంది? ఆస్ట్రేలియాలో పాలూ పెరుగూ చానా బాగుంటయ్యంటగా?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ ఆటో అబ్బాయి వైపు చూసింది.

"ఆస్ట్రేలియా ఏంటత్తా?" అనబోయాను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. నేను వెళ్ళిన నెలలోనే ఎవరి పెళ్ళిలోనో "మీ అన్నగారి అమ్మాయి ఏ దేశం?" అని అడిగితే బాబాయి నోటికి ఆస్ట్రేలియా వచ్చిందట. పక్కనే ఉన్న నాన్న కాదనలేదట. తర్వాత అది పేటంతా పాకింది. హైదరాబాదు నుంచి చాక్లెట్లు తెప్పించి, అమ్మాయి పంపిందని వీధిలో పంచారు కూడా.

"కాదని ఒక్క మాట అనలేకపోయారా?"

"నలుగురిలో కాదంటే మీ బాబాయి పరువేం కావాల?"

"నేనున్న దేశం పరువో?"

"దేశానికి పరువేందే, పోయి స్నానం చెయ్యి."

నా పెట్టె మీద అక్కడి యూనివర్సిటీ స్టిక్కరు ఉంది, అరచేయంత అక్షరాలతో దేశం పేరు. చూడటానికి వచ్చేవాళ్ళ కంట పడుతుందని నేను స్నానం చేసి వచ్చేలోగా బట్టలు తీసేసి పెట్టెను అటక ఎక్కించారు. ఎస్తేర్ వాళ్ళమ్మ నాకిచ్చిన పూలగుడ్డ, తేయాకు పొట్లాలు అందులోనే ఉండిపోయాయి. పెట్టె జేబులో నా మాత్రలు కూడా. మలేరియా రాకుండా అక్కడ వేసుకునే మాత్రలవి. దేశం దాటి వచ్చాక కూడా కొన్ని వారాలు ఆపకుండా వేసుకోవాలి.

నువ్వే దించుకోవచ్చుగా అంటారు చదివేవాళ్ళు. ఇంటికొచ్చిన బంధువులు కూడా అదే అన్నారు. మా నిచ్చెనను బాబాయి కొట్టుకు తీసుకుపోయాడు. పొద్దునా అడిగాను, సాయంత్రమూ అడిగాను. "పంపిస్తాలేవే, ఒక్క పూట మాత్ర మింగకపోతే ప్రాణం పోయిద్దా?" అన్నాడు. ఈ మాట కూడా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మందుల షాపుకు వెళ్ళి అడిగితే చీటీ కావాలన్నారు. చీటీ రాయించుకుంటానంటే అమ్మ గాభరా పడింది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఎందుకని అడుగుతాడట, అడిగితే చెప్పాల్సి వస్తుందట.

శివరాత్రి ముందు రోజులు

కోటప్పకొండ తిరునాళ్ళకు బండి మీద తీసుకెళ్ళే ఎత్తైన ప్రభను మా వీధి చివర కడుతున్నారు. వెదురు బొంగుల చప్పుడు, మైకు, దాని మీద కుర్రాళ్ళ అరుపులు. ఆ చప్పుడంతా నా తలలోనే కడుతున్నట్టు ఒక మధ్యాహ్నం తలనొప్పి మొదలైంది. సాయంత్రానికి చలి. రెండు దుప్పట్లు, వాటి మీద నాన్న శాలువా కప్పినా పళ్ళు టకటకమని కొట్టుకున్నాయి. తర్వాత ఒళ్ళంతా పెనం. తర్వాత చెమట. పక్క తడిసిపోయాక హాయిగా అనిపించి, తగ్గిందనుకుని పెరుగన్నం తిన్నాను.

"ప్రయాణం బడలిక," అంది అమ్మ. "దిష్టి," అంది రమణమ్మత్త. "ఏసీలో ఉండొచ్చిన ఒళ్ళు, మన ఎండ పడలా," అన్నాడు బాబాయి. నేనక్కడ ఉన్న గదికి పైన రేకులు. ఫ్యాను కూడా లేదు.

చలి మళ్ళీ వచ్చింది.

"అమ్మా, ఇది మలేరియా అయ్యుంటుంది," అన్నాను.

"నోర్ముయ్. శుభమా అని ఇంటికొచ్చి, ఆ మాటలేంది?"

ఆసుపత్రి, మొదటి రోజులు

నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దాని పేరు రాయను. వాళ్ళ తప్పు నాకు ఎక్కువ కనపడదు. వెయిటింగ్ హాలులో ఇనుప కుర్చీల వరుసలు, గోడకు టీవీ, ప్రతి కుర్చీలోనూ మాకు తెలిసినవాళ్ళు. పేటలో రోగం కూడా ఒంటరిగా పడటానికి వీల్లేదు. బాబాయి అందరినీ పలకరిస్తూ ఒక్కటే చెబుతున్నాడు, "మా అన్న కూతురు. ఆస్ట్రేలియా. మొన్ననే వచ్చింది." పెదకూరపాడు నుంచి వచ్చిన ఒకావిడ నన్ను తన భుజం మీద తల ఆనించుకోనిచ్చింది. ఆమె ఎవరో నాకు తెలియదు. ఏ దేశం అని అడగలేదు. చీర కొంగుతో నా మెడ తుడిచింది. నా పిలుపు వచ్చేసరికి ఆమె కొంగు తడిసిపోయింది.

డాక్టరు వయసులో చిన్నవాడే. ఓపికగా నాడి చూశాడు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

"ఈమధ్య ఎటన్నా ప్రయాణం చేశారా?"

నేను నోరు తెరిచాను. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. నా మాట బయటికి వచ్చేలోపే నా వెనక నుంచి బాబాయి మాట వచ్చింది.

"ఆస్ట్రేలియాలో చదువుతుంది సార్."

"ఓ, ఏ సిటీ? మా తోడల్లుడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు."

"ఆఁ ఆఁ, ఆ చుట్టుపక్కలే."

నా ఎదురుగా, నా బతుకు గురించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక మనిషి అంత తేలిగ్గా అబద్ధం చెప్పగలడని అంతకుముందు ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు. వీధిలో చెప్పారు సరే. డాక్టరు దగ్గర కూడానా? నాన్న వైపు చూశాను. నాన్న గోడ మీద ఉన్న గుండె బొమ్మ చూస్తున్నాడు.

"మలావీ," అన్నాను. "సార్, మలావీ. ఆఫ్రికా నుంచి వచ్చాను."

డాక్టరు బాబాయి వైపు చూశాడు.

"పలవరిస్తంది సార్," అన్నాడు బాబాయి, నా తల నిమురుతూ. "మూడు రోజుల నుంచి ఇంతే. ఏందేందో దేశాలంటది."

డాక్టరు తల ఊపి, రక్తం తీయించమని రాశాడు. జ్వరం నూటనాలుగు ఉన్న మనిషి మాట మీద, ఇస్త్రీ చొక్కా వేసుకున్న బాబాయి మాట నెగ్గింది. ఆ పరీక్షల్లో మలేరియాది కూడా ఉందట. మొదటి రోజు రక్తంలో ఏమీ కనపడలేదు. మొదటిసారి కనపడకపోయినా మళ్ళీ మళ్ళీ చూడాలని నాకు తర్వాత చెప్పారు. కానీ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పిల్లకు మళ్ళీ మళ్ళీ ఎందుకు చూస్తారు? టైఫాయిడ్ అన్నారు. సెలైను పెట్టారు.

మర్నాటికి నా కళ్ళు పచ్చబడ్డాయట. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. ఆ తర్వాతది నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. గదిలో మిరపకాయలు పరిచి ఉన్నాయని, ఎవరో తొక్కుతున్నారని అరిచానట. అది మాత్రం నిజంగా పలవరింతే. దాన్ని చూపించి బాబాయి, "చూశారా, నే చెప్పలా?" అన్నాడట.

శివరాత్రి రోజు

దీన్ని అమ్మ చెప్పగా రాస్తున్నాను. చాలాసార్లు చెప్పించుకున్నాను.

మధ్యాహ్నం నా ఫోను మోగింది. తెర మీద ఎస్తేర్ అని ఉంది. ఎస్తేర్లు మా పేటలోనూ ఉన్నారు, నాతో ఇంటర్ చదివిన పిల్ల కూడా ఎస్తేరే. ఆ అమ్మాయే అనుకుని అమ్మ ఫోను తీసింది.

"ఆఁ ఎస్తేరూ, చెప్పమ్మా. మీ అమ్మ బాగుందా?"

అటు నుంచి ఇంగ్లీషు వచ్చింది. అమ్మకు వచ్చిన ఇంగ్లీషు టీవీలో విన్నంతే. అయినా ఫోను పెట్టేయలేదు. అటు పిల్ల మధ్యమధ్యలో "అమాయి, అమాయి" అంటోందట. అక్కడ పెద్ద ఆడవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు. అమ్మకు ఆ సంగతి తెలియదు. అమ్మనే పిలుస్తోందని మాత్రం తెలిసిపోయింది.

"పద్మజ, హాస్పిటల్," అంది అమ్మ. "ఫీవర్. చానా ఫీవర్."

 తర్వాత ఆ పిల్ల ఇంకేమీ మాట్లాడలేదు. ఒక్క మాటే, గట్టిగా, ప్రశ్నలాగా, ఆపకుండా అడిగింది.

"మలేరియా? అమాయి, మలేరియా? టెస్ట్ మలేరియా?"

ఎక్కడో సముద్రాల అవతల ఉన్న పిల్ల, నన్ను చూడకుండా, జ్వరం అన్న ఒక్క మాట విని అడిగింది. పక్కనే నించున్న నలుగురికి ఆ మాట అనటానికి నోరు రాలేదు. మంచం మీద ఉన్న నేను అంటే నోర్ముయ్యమన్నారు.

అమ్మ ఫోను చేతిలో పట్టుకునే హాలులోకి నడిచింది. డాక్టరు ఇంటికి బయలుదేరుతున్నాడు, పండగ కదా. హాలులో పాతికమంది దాకా ఉన్నారు. రమణమ్మత్త కూడా నన్ను చూడటానికి కొబ్బరిబొండాం తెచ్చుకుని కూర్చుని ఉంది.

"డాక్టరు గారూ, నా బిడ్డ ఆస్ట్రేలియా పోలా. ఆఫ్రికా పోయింది. అక్కడ మలేరియా. మేం అబద్ధం చెప్పాం."

బాబాయి పరుగెత్తుకొచ్చాడు. "వదినా, నెమ్మదిగా. లోపలికి పోయి మాట్టాడదాం."

"ఇంకా నెమ్మదేందయ్యా సీనూ? పిల్ల పోయాక మైకులో చెబుదామా?"

బాబాయికి ఎదురుగా అమ్మ గొంతెత్తటం, వాళ్ళిద్దరికీ బంధుత్వం కలిసిన ఇన్నేళ్ళలో, అదే మొదలు. డాక్టరు బ్యాగు అక్కడే కుర్చీలో పడేశాడట. "ముందే చెబితే మీ సొమ్మేం పోయేదండీ?" అని నాన్నను అడిగాడట.  రక్తం మళ్ళీ తీశారు. ఈసారి వెతకనక్కరలేకుండానే కనపడింది. మొదటి మందు అక్కడే ఎక్కించి, కిడ్నీలు కూడా దెబ్బతింటున్నట్టున్నాయి, ఇక్కడ లాభం లేదని గుంటూరు పంపారు.

పేటలో ఉన్న బండ్లన్నీ కొండ వైపు వెళ్తుంటే మా అంబులెన్సు ఒక్కటే గుంటూరు వైపు వెళ్ళిందని అమ్మ అంటుంది. సైరను విని ఒక ట్రాక్టరు మీది కుర్రాళ్ళు పాటలు ఆపి, బండి పొలంలోకి దించి దారిచ్చారట. వాళ్ళెవరో తెలిస్తే వాళ్ళ పేర్లు ఇక్కడ రాసేదాన్ని.

గుంటూరు

ఐసీయూ గురించి నాకు తెలిసింది తక్కువ. గొంతులో ఎండిన మిరపతొక్క అతుక్కున్నట్టు దాహం. గడియారం లేని వెలుతురు. ఒక నర్సు నా జడను విప్పి, చిక్కు తీసి, మళ్ళీ అల్లి, "లేచాక నాకు థాంక్స్ చెబుదువులే" అంది. చెప్పాను. చనిపోతానన్న భయం కంటే, చనిపోతే నా ఫోటో కింద కూడా ఆస్ట్రేలియా అనే రాయిస్తారన్న భయం ఎక్కువగా ఉండేది. నవ్వొచ్చే మాటే. అప్పుడు నవ్వు రాలేదు. నేను ఉన్నచోటు, చేసిన పని, ఆ బల్లల మీద నాతోపాటు కాయలు తిరగేసిన ఆడవాళ్ళు, అంతా నాతోపాటే తుడిచిపెట్టుకుపోతుందని రెప్పల వెనక ఒకటే గుబులు.

ఐసీయూ నుంచి గదిలోకి మార్చిన రోజు నాన్న వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. బత్తాయి ఒలిచాడు. తొనల మీది పీచు కూడా తీశాడు.   నేను తొనలు తిన్నాను. తిన్నంత మాత్రాన క్షమించినట్టు కాదు.

మార్చి నెల

ఇంటికి వచ్చాక చూడటానికి జనం వచ్చారు. ఒకరిద్దరు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఎవరెవరో నాకు గుర్తుంది. మలేరియా దోమతో వస్తుంది, మాటతో రాదు. రమణమ్మత్త మాత్రం లోపలికొచ్చి నా మంచం మీదే కూర్చుంది.

"ఆ చాక్లెట్లు ఆస్ట్రేలియావి కావని నాకప్పుడే తెలుసే. వెనక హైదరాబాదు అడ్రసుంది. ఎందుకులే అని ఊరుకున్నా."

అంటే వీధికి ముందే తెలుసు. ఎవరి దగ్గర దాచారో వాళ్ళకు తెలుసు. తెలియాల్సిన ఒక్క డాక్టరుకే తెలియలేదు.

అమ్మ నిచ్చెన తెప్పించి పెట్టెను దించింది. పూలగుడ్డను ఉతికి, దండెం మీద కాకుండా వీధివైపు పిట్టగోడ మీద ఆరేసింది. ఎస్తేర్‌కు రోజూ ఫోను చేస్తుంది. ఆమె తెలుగులో, ఆ పిల్ల వాళ్ళ భాషలో. ఏం అర్థమవుతుందో వాళ్ళకే తెలియాలి, అరగంటకు తక్కువ మాట్లాడరు.

బాబాయి క్షమాపణ చెప్పలేదు. "నేనేమన్నా కావాలని చేశానా?" అన్నాడు. కావాలనే చేశాడు. నేను చావాలని చేయలేదు, అంతే. ఆ రెంటికీ తేడా ఉందని ఒప్పుకుంటాను. అంతకంటే ఒక్క అడుగు కూడా ఆయన వైపు వేయను.

ఇప్పుడు

డాక్టర్లు సరేనన్నారు. మిగిలిన చదువు పూర్తి చేయటానికి మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి కొత్త దోమతెర నేనే కొనుక్కుని వెళ్తున్నాను, కోఆర్డినేటర్‌కు ఆ సంగతి రాశాను కూడా.

మొన్న కాళ్ళకు కాస్త బలం వచ్చిందని కొట్టు దాకా నడిచాను. రొంపిచెర్ల నుంచి ఒక రైతు మిరపతోటకు మందు కోసం వచ్చాడు. బాబాయి డబ్బాలు దించుతున్నాడు. నాన్న బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. రైతు నన్ను చూసి, "మీ అమ్మాయా? ఏం చదువుతుంది, యాడ?" అన్నాడు.

బాబాయి డబ్బా పట్టుకుని ఆగాడు. నోరు తెరిచాడు కూడా. నేను పిడికిలి బిగించాను. ఆ ఒక్క మాట మళ్ళీ వినపడితే కొట్టు ముందే, బజారులోనే గోల పెట్టాలని నిశ్చయించుకున్నాను.

"మలావీ," అన్నాడు నాన్న, తల ఎత్తకుండా. "ఆఫ్రికాలో. మిరగాయలు ఎండబెట్టటం నేర్పుద్ది."

నా ప్రాణం మీదికి తెచ్చిన సిగ్గంతా ఆ ఒక్క మాట బయటికి చెప్పటానికే. ఇప్పుడేమవుతుందోనని ముగ్గురం ఆ రైతు మొహంలోకే చూస్తున్నాం. ఆయన తలపాగా తీసి మెడ తుడుచుకున్నాడు.

"అక్కడ గూడా మిర్చి పండుద్దా?" అన్నాడు. "క్వింటా ఎట్టా పోతందంట?"

నాన్నకు తెలియదు. తల ఎత్తి నా వైపు తిరిగాడు.

"ఎంతే అక్కడ?"

నేను వెళ్ళిన దేశం గురించి మా నాన్న నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.